మూసీకి అటు ఒక నడక, ఇటు ఒక నడక: హైదరాబాదులో ఒక రోజు

పెళ్ళికో పరీక్షకో ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో దిగిన చుట్టాలందరూ అడిగే మాట ఒకటే: "వదినా, ఒక్క రోజుల హైదరాబాదంతా చూపియ్యరాదూ?" చూపియ్యలేను. ఎవరి తరమూ కాదు. కారు మాట్లాడుకొని గోల్కొండ, చార్మినార్, సాలార్‌జంగ్, ట్యాంక్‌బండ్, బిర్లా మందిర్ అన్నీ తిరిగినవాళ్ళను మర్నాడు పొద్దున అడిగి చూడండి, ఏది ఎవరు కట్టారో ఒక్కటీ గుర్తుండదు. గుర్తుండేది ట్రాఫిక్కే.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. మోకాళ్ళు అంత మంచివి కావు. అయినా నడకే మేలంటాను. పొద్దున మూసీకి దక్షిణాన ఒక గైడెడ్ వాక్, సాయంత్రం నదికి ఉత్తరాన కోఠీలో ఇంకొకటి, మధ్యాహ్నం ఆ రెంటినీ కలిపే నది. మొత్తం నాలుగైదు కిలోమీటర్లకు మించదు. కుతుబ్‌షాహీలు, నిజాములు, ఇంగ్లిష్ వాళ్ళు, చివరికి మన తెలుగువాళ్ళు, అందరూ ఆ కాస్త దారిలోనే తగులుతారు. రెండు వాక్‌లకూ ఒకే దారం ఉంటేనే రోజు నిలబడుతుంది. నేను పట్టుకున్న దారం 1908 మూసీ వరద. ఎందుకో పోతూ పోతూ చెప్తాను.

ముందు వారం చేసుకోవాల్సింది

మొదట రోజు చూసుకోండి. శుక్రవారం వద్దు. చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ మూసి ఉంటాయి, మక్కా మసీదు దగ్గర జుమ్మా నమాజు రద్దీ. హెరిటేజ్ వాక్‌లు ఎక్కువగా శని, ఆదివారాల్లో పొద్దున పెడతారు. నాకైతే ఆదివారమే ఇష్టం. పత్తర్‌గట్టిలో పొద్దున తొమ్మిది దాకా తల పైకెత్తి నిలబడినా ఏ బండీ మీదికి రాదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో పది దాటితే రాళ్ళు కాలిపోతాయి, ఆ రెండు నెలలూ ఈ పని పెట్టుకోకండి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, నవంబర్ 19 నుంచి 25 దాకా వారసత్వ వారోత్సవాలు. ఆ రోజుల్లో వాక్‌లు ఎక్కువగా జరుగుతాయి, గుంపులూ ఎక్కువే.

ఇక గైడు. ఇంటాక్ వంటి వారసత్వ సంస్థలు, పర్యాటక శాఖ, ఊరి చరిత్ర మీద ప్రేమతో నడిపించే ఆర్కిటెక్టులు, కాలేజీ పిల్లల బృందాలు, చార్మినార్ దగ్గర గుర్తింపు కార్డు వేసుకొని నిలబడే గైడ్లు, ఇట్లా చాలామంది ఉన్నారు. ఎవరితో వెళ్ళినా డబ్బు కట్టేముందు ఫోన్‌లో ఇవి అడగండి. గుంపులో ఎంతమంది? ఇరవై మంది దాటితే వెనక ఉన్నవాళ్ళకు వినపడదు. ఒకసారి నలభై మంది గుంపులో పడ్డాను. మైకు గరగర తప్ప మూడు కమానుల దాకా ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ దారిన తీసుకెళ్తారు, లోపలికి తీసుకెళ్తారా, బయట నుంచే చూపించి చెప్తారా? టికెట్లు ఫీజులో కలిసే ఉన్నాయా? అన్నిటికంటే ముఖ్యం, ఏ భాషలో చెప్తారు? ఎక్కువ వాక్‌లు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో సాగుతాయి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఐదారుగురు కలిసి విడిగా ఒక గైడును మాట్లాడుకొని తెలుగులో చెప్పమనండి. మనిషికి ఖర్చు కొంచెం ఎక్కువవుతుంది కానీ అత్తగారు ప్రశ్నలడగడం మొదలుపెడతారు చూడండి, ఆ సంబరం వేరు.

సాయంత్రం చూడాల్సిన కోఠీ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఇంగ్లిష్ వాళ్ళ ప్రతినిధి ఉండిన భవనం, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. అది ఆడపిల్లలు చదువుకునే చోటు, ఎప్పుడు పడితే అప్పుడు గేటు దగ్గరికి పోయి నిలబడితే కుదరదు. ఏ రోజుల్లో, ఏ వేళల్లో రానిస్తారో ముందే కనుక్కొని, ఆ వేళను బట్టి మిగతా రోజును అమర్చుకోండి. పొద్దుటి వాక్ కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

చదువుకొని రావాలా అని అడుగుతారు. పుస్తకాలు అక్కర్లేదు. ఈ సంవత్సరాలు ఒక కాగితం మీద రాసుకుంటే చాలు: 1591లో చార్మినార్, 1687లో ఔరంగజేబు చేతికి గోల్కొండ, 1724లో ఆసఫ్‌జాహీల పాలన మొదలు, 1798లో ఇంగ్లిష్ వాళ్ళతో సైన్య సహకార ఒప్పందం, 1857 తిరుగుబాటు, 1908 వరద, 1948లో నిజాం రాజ్యం ఇండియాలో కలవడం. గోడకు కొట్టిన మేకుల్లాంటివి ఇవి. గైడు చెప్పే ప్రతి కథనూ ఏదో ఒకదానికి తగిలించుకోవచ్చు. మా బడిపిల్లలకు కూడా ఇట్లాగే చెప్పేదాన్ని, బట్టీ పట్టాల్సినవి ఏడే, మిగతాదంతా వినాల్సింది.

చెప్పుల సంగతి చిన్నదనుకోకండి. ఆషుర్‌ఖానాలో (మొహర్రంలో పీరీలు నిలిపే చోటు), మసీదులో విప్పాలి, మళ్ళీ వేసుకోవాలి. లేసుల బూట్లతో వచ్చినవాళ్ళు గుంపు మొత్తాన్నీ ఆపుతారు. జారుడు చెప్పులు, సంచిలో ఒక జత సాక్సులు, తల మీద వేసుకోవడానికి చున్నీ లేదా పైట కొంగు, మంచినీళ్ళు, గొడుగు. ఆడవాళ్ళకు ఇంకో మాట: పాతబస్తీలో పొద్దున పూట శుభ్రమైన బాత్రూమ్ దొరకడం కష్టం. ఇంట్లో చూసుకొని బయల్దేరండి. తర్వాత చౌమహల్లాలోనే. సిగ్గుపడి ఎవరూ ఈ మాట చెప్పరు, అందుకని నేను చెప్తున్నా.

పొద్దున: చార్మినార్ నుంచి పత్తర్‌గట్టి దాకా

ఆరున్నరకల్లా చార్మినార్ చేరండి. మెట్రోలో వచ్చేవాళ్ళు పెద్ద బస్టాండు దగ్గరి ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కాలి. గైడు ఏడింటికి వస్తానంటే మీరు అరగంట ముందే ఉండాలి. మక్కా మసీదు పక్కనే నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఆ అరగంటకే. నిలబడి తాగేది, కుర్చీ కోసం వెతక్కండి. చాయ్ చేతిలో పట్టుకొని చార్మినార్‌ను ఒక్కరే చుట్టి రండి. గైడు వచ్చాక చూపంతా ఆయన చెయ్యి చూపించిన వైపే పోతుంది కదా.

చార్మినార్ కట్టించింది ఐదో కుతుబ్‌షాహీ సుల్తాను మహమ్మద్ కులీ. ఊరి ప్లాను ఆయన పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్త్రాబాదీది. నాలుగు దిక్కులకూ నాలుగు రోడ్లు, అవి కలిసేచోట ఈ కట్టడం. రాయి, డంగు సున్నం, పైన గచ్చు పని. మా వైపు ముసలివాళ్ళకు డంగు సున్నం అంటే తెలుసు, గానుగలో ఎద్దులతో తిప్పించి నూరేవారు. పై అంతస్తులో మసీదు ఉందని చాలామందికి తెలియదు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు మొదటి నుంచీ ఉన్నవి కావు, 1889లో పెట్టారు. ఇట్లా ఏది అసలుది, ఏది తర్వాత వచ్చింది అని ప్రతిచోటా అడగడం అలవాటు చేసుకోండి. మంచి గైడుకు ఈ ప్రశ్న అంటే మహా ఇష్టం. పైకి ఎక్కడం సంగతి పొద్దున వదిలేయండి, టికెట్ కిటికీ తెరిచేది తొమ్మిది ప్రాంతంలో. ఎక్కినా మొదటి అంతస్తు దాకానే పంపిస్తారు. మెట్లు ఇరుకు, నిటారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ ఓపికను సాయంత్రానికి దాచుకుంటే మంచిది.

మక్కా మసీదు కుతుబ్‌షాహీల కాలంలో మొదలైంది, 1694లో ఔరంగజేబు పూర్తి చేయించాడు. మొదలుపెట్టిన వంశం పోయింది, వాళ్ళ రాజ్యాన్ని గెలుచుకున్నవాడు ముగించాడు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఇది ఇంకా కడుతుండగానే చూశాడు. నమాజు గూడుకు వాడిన ఒక్క రాయిని తవ్వి తీయడానికి ఐదారు వందల మంది ఐదేళ్ళు పనిచేశారని, దాన్ని లాగడానికి 1400 ఎడ్లు పట్టాయని రాసుకున్నాడు. లోపలి ఆవరణలో నిజాముల సమాధులు వరసగా ఉంటాయి. అక్కడ మీ గైడును ఒక పరీక్ష పెట్టండి, ఏడో నిజాం ఎక్కడ అని. ఇక్కడ లేడు. కింగ్ కోఠీ ఎదురుగా జూడీ మసీదులో ఉన్నాడు. మొదటి ఆసఫ్‌జా కూడా ఇక్కడ లేడు, ఔరంగాబాద్ దగ్గరి ఖుల్దాబాద్‌లో ఉన్నాడు. తడుముకోకుండా చెప్పిన గైడును గట్టిగా పట్టుకోండి, సాయంత్రానికి కూడా ఆయన్నే అడగొచ్చు.

అక్కడి నుంచి ఉత్తరంగా చార్ కమాన్. నాలుగు పెద్ద తోరణాలు, మధ్యలో గుల్జార్ హౌజ్ ఫౌంటెన్. దక్షిణాన చార్మినార్ కమాన్, ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్. ఆ పడమటి కమాన్ సుల్తానుల మహళ్ళకు పోయే దర్వాజా. మహళ్ళు ఇప్పుడు లేవు, దర్వాజా మిగిలింది, దాని కింద బంగారు దుకాణాలు. ఎక్కువ వాక్‌లలో ఇక్కడ రెండు నిమిషాలు నిలబెట్టి కదిలిస్తారు. కదలకండి. కమాన్‌కు ఒక పక్క చెక్కుచెదరని గచ్చు, ఇంకో పక్క కరెంటు మీటర్లు, బోర్డులు, రావి మొక్క. ఒక కట్టడం నాలుగు వందల ఏళ్ళు ఎట్లా బతుకుతుందో, ఎట్లా చస్తుందో రెండూ ఇక్కడే కనిపిస్తాయి. ఇక్కడ ఆకలేస్తే గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి మీద వెన్న దోసె. ఆదివారం వరస ఉంటుంది. గుంపులో ఒకర్ని ముందుగా పంపి నిలబెట్టండి.

ఈ వాక్‌లో నేను ఎక్కువసేపు ఉండేది మాత్రం పత్తర్‌గట్టి వెనక ఉన్న బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో. చార్మినార్ కట్టిన మూడేళ్ళకే, 1594లో, ఇది వచ్చింది. గోడల మీద రంగు పలకలు 1611 నాటికి పూర్తయ్యాయి. పసుపు, నీలం, ఆకుపచ్చ, నాలుగు వందల ఏళ్ళు దాటినా నిన్న వేసినట్టే మెరుస్తాయి. పలకల్లోనే పెద్ద పెద్ద ఆలమ్‌లు అల్లి పెట్టారు. ఆలమ్ అంటే తెలంగాణ పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, మొహర్రంలో నిలిపే మన పీరీలే. మా ఊళ్ళో పీర్ల పండుగకు నిప్పుల గుండం చుట్టూ దూలా ఆడినవాళ్ళు ఇక్కడికొచ్చి ఆ గోడ ముందు నిలబడగానే చేతులు జోడిస్తారు. సుల్తాను ఇంటి ఆషుర్‌ఖానాకూ మా ఊరి పీరీల కొట్టానికీ చుట్టరికం ఉందని ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చెప్పలేదు, అక్కడికి పోయాకే తెలిసింది.

ఇప్పుడు గోడ కింది భాగం చూడండి. ఒక ఎత్తు దాకా పలకలు లేవు, పలకల్లాగా రంగులతో వేసిన బొమ్మ ఉంది. దగ్గరికి పోతేనే తేడా తెలుస్తుంది. 1908లో మూసీ నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి. పలకలు రాలిపోయాయి, తర్వాత రంగులతో పూడ్చారు. గైడు చెప్పకపోతే మీరే అడిగి చూపించుకోండి. ఆ గీత మీద ఒకసారి కన్నేసి ఉంచుకోండి, మధ్యాహ్నం పనికొస్తుంది. లోపల మసలేటప్పుడు అది ప్రార్థనాస్థలం అని మరవకండి. కావలి ఉన్న ముసలాయన "చెప్పులు గీడ్నే ఇడ్వుండ్రి అమ్మా, నెమ్మదిగ చూడుండ్రి" అంటారు. ఫోటో తీసేముందు ఆయన్ను అడగండి. మొహర్రం రోజుల్లో చూడటానికని పోకండి, మొక్కుకోవడానికైతే పొండి.

బయటికొస్తే పత్తర్‌గట్టి. రాతి తోరణాల వరస, కింద దుకాణాలు, పైన ఇళ్ళు. ఇది కుతుబ్‌షాహీలదే అనుకుంటారు చాలామంది. కాదు. వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రోడ్డు వెడల్పు చేసి కట్టించినది. ఊరి కొత్త భాగానికి పాత ఊరి ముఖమే పెట్టారు. ఇప్పుడు ఫ్లైఓవర్లు కట్టేవాళ్ళను ఇక్కడ ఒక గంట నిలబెడితే బాగుండును.

గైడు చెప్పేది ఎట్లా వినాలి

గైడు మాట అంతా ఒకే బరువుతో తీసుకోకండి. రాతి మీద రాసి ఉన్నది వేరు, అప్పటివాళ్ళు రాసి పెట్టింది వేరు, జనం చెప్పుకునేది వేరు. మూడూ కావాలి. కానీ కలిపేస్తే గందరగోళం. భాగమతి కథ వస్తుంది, ప్లేగు పోయినందుకు చార్మినార్ కట్టారన్న కథ వస్తుంది, చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందన్న కథ తప్పకుండా వస్తుంది. విని ఆనందించండి. ఆ తర్వాత మెల్లిగా, "ఇది ఎక్కడ రాసి ఉంది సార్?" అనండి. మంచి గైడు నవ్వి, "ఇది జనం మాట అమ్మా" అంటాడు. తెలియని గైడు గొంతు పెంచుతాడు. మా సారు ఒక గైడుతో సొరంగం మీద వాదనకు దిగారు, గుంపు కమాన్ దాటిపోయినా ఇద్దరూ అక్కడే. అట్లా మాత్రం చేయకండి. ఒక్క ప్రశ్న అడగండి, జవాబు రాసుకోండి, నడవండి.

రాతి మీద ఏదైనా కనిపిస్తే ఫోటో తీసుకొని గైడుతో చదివించుకోండి. పారసీ, ఉర్దూ చదవగలిగిన గైడు దొరికితే అదృష్టం. నోట్‌బుక్‌లో చెప్పిందంతా దించుకోవద్దు, పిల్లలు అట్లాగే చేసి చివరికి ఏమీ చూడరు. చోటు పేరు, ఒక సంవత్సరం, మీకు తట్టిన ఒక ప్రశ్న. అంతే.

మధ్యాహ్నం: ఒక్కటే లోపలిది, తర్వాత నది

పొద్దుటి వాక్ తొమ్మిదిన్నర, పది ప్రాంతంలో అయిపోతుంది. గైడుకు డబ్బులిచ్చి పంపండి. ఇప్పుడు లోపల కూర్చుని చూసేది ఒకటే ఎంచుకోవాలి, చౌమహల్లానో సాలార్‌జంగ్ మ్యూజియమో. రెండూ పెట్టుకుంటే సాయంత్రం రెసిడెన్సీలో మెట్ల మీద కూర్చుండిపోతారు. నేను చౌమహల్లానే అంటాను. సాలార్‌జంగ్ ప్రపంచమంతా తిరిగి వచ్చిన వస్తువుల ఇల్లు, దానికి విడిగా ఒక రోజు కావాలి. చౌమహల్లా ఈ ఊరి సొంతది. 1750 ప్రాంతంలో మొదలై ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా కాలంలో ఇప్పటి రూపానికి వచ్చింది. ఖిల్వత్ దర్బారు హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు. హాలు చల్లగా ఉంటుంది. గోడ పక్కన కూర్చుని కాళ్ళు చాపుకోండి, ఎవరూ ఏమనరు. అక్కడున్న నిజాముల పాత కార్ల దగ్గర మగవాళ్ళను వదిలేయండి, వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

బయటికొచ్చి మహబూబ్ చౌక్ గడియారం స్తంభం మీదుగా లాడ్ బజార్‌లోకి. పొద్దున మూసి ఉన్న దుకాణాలు ఇప్పటికి తెరుస్తారు. కొనకపోయినా లక్క గాజులు చేసే చోటు ఒకటి చూపించమని అడగండి. బొగ్గుల వేడికి మెత్తబడ్డ లక్కను గుండ్రంగా మలిచి, ఆరేలోపు ఒక్కొక్క రాయీ అద్దుతారు. ఆ చేతుల వేగం చూస్తే బేరం ఆడబుద్ధి కాదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

భోజనం మదీనా చౌరస్తా దగ్గర చేసుకొని, షాదాబ్‌లో బిర్యానీ అయినా ఇంకేదైనా సరే, కొంచెం తక్కువగానే తినండి. తర్వాత నడిచి మూసీ మీది నయాపూల్ వంతెన మీదికి రండి. ఇక్కడ గైడు అక్కర్లేదు, వంతెన మీద నిలబడితే చాలు. ముక్కు మూసుకోవాల్సి వస్తుంది, ఆ మాట దాచను. 1908 సెప్టెంబర్ 28న ఈ నీళ్ళే అఫ్జల్‌గంజ్ మీదుగా ఊళ్ళోకి ఎక్కాయి. వేలమంది పోయారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతురునూ ఆ రోజే పోగొట్టుకున్నాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ స్వయంగా నది ఒడ్డుకు వచ్చి పూజ చేసి శాంతించమని వేడుకున్నాడని చెప్పుకుంటారు. ఇది జనం మాట, అట్లాగే వినండి.

ఇప్పుడు వంతెన మీద నుంచి దక్షిణ ఒడ్డున హైకోర్టు, ఉత్తర ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి చూడండి. రెండూ వరద తర్వాత నది ఒడ్డును మళ్ళీ తీర్చిదిద్దినప్పటివి. రెంటి వెనకా విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్టు ఉన్నాడు. ఆ వరద వల్లే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. మన ఇళ్ళల్లో గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, నీళ్ళు తాగినవాళ్ళందరూ ఆ వరదకు బాకీ. ఆషుర్‌ఖానా గోడ మీద చూసిన గీత గుర్తుంది కదా. నయాపూల్ నుంచి అక్కడికి ఎంత దూరమో ఇప్పుడే నడిచి వచ్చారు, నీళ్ళు ఎంత దూరం పోయాయో కాళ్ళకు తెలుసు.

ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు దగ్గరికి పొండి. ఆ రోజు ఈ చెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారంటారు. అక్కడ రోగుల బంధువులు చెట్ల కింద పడుకుని ఉంటారు. గుంపుగా పోయి గట్టిగా మాట్లాడకండి, ఫోటోలకు మనుషుల్ని పక్కకు జరపకండి. రెండు నిమిషాలు చూసి రావాలి. పక్కనే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైనది. అలిసిపోయినవాళ్ళు దాని మెట్ల నీడలో కూర్చోండి. ఇక్కడి నుంచి కోఠీకి నడవాలనుకోకండి, ఆటో ఎక్కండి. మధ్యలో ఉన్నదంతా ఇనుప సామాను దుకాణాలు, లారీలు.

సాయంత్రం: కోఠీ

రెసిడెన్సీ ముందు నిలబడగానే ఊరు మారిపోయినట్టు ఉంటుంది. పొద్దుటి నుంచి చూసిన కమానులు, మినార్లు ఏవీ లేవు. ఎత్తైన స్తంభాలు, వెడల్పు మెట్లు, రెండు పక్కలా సింహాలు. కట్టించింది నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్, ప్లాను శామ్యూల్ రస్సెల్ ది, పని మొదలైంది 1803లో. డబ్బు మాత్రం నిజాంది. 1798 ఒప్పందం మేకు ఇక్కడ తగిలించుకోండి. సైన్యం ఖర్చూ ఆయనదే, ఇంటి ఖర్చూ ఆయనదే.

గైడ్లందరూ కిర్క్‌పాట్రిక్, హైదరాబాదు గొప్పింటి అమ్మాయి ఖైరున్నిసాల ప్రేమకథతో మొదలుపెట్టి దానితోనే ముగిస్తారు. కథ నిజమే, వాళ్ళు పెళ్ళి చేసుకున్నారు. ఆయన 1805లో కలకత్తాలో చనిపోయాడు. ఆమె కోసం కట్టించిన రంగ్‌మహల్ ఇప్పుడు లేదు. తోటలో ఉన్న చిన్న నమూనా భవనాన్ని మాత్రం తప్పకుండా చూపించుకోండి. ఇంత పెద్ద ఇంటి బొమ్మను ఇంత చిన్నగా తోటలో ఎందుకు పెట్టారన్నదానికి ఒక్కో గైడు ఒక్కో కథ చెప్తాడు, పోల్చుకోవడానికి బాగుంటుంది. లోపల దర్బారు హాలు, రెండు వైపులా విడిపోయే మెట్లు, పై కప్పు రంగులు. చాలాకాలం పాడుబడి ఉంటే మరమ్మతు చేశారు. మహిళా కళాశాల ఇక్కడికి 1949లో వచ్చింది. మా ఇంటి పక్కావిడ ఈ హాల్లోనే క్లాసులు విన్నది. "పైన గబ్బిలాలు, కింద మేము" అంటుంది.

ప్రేమకథ అయ్యాక 1857 అడగండి. ఆ జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు (పఠాన్ సైనికులు), ఊరి జనం ఇదే రెసిడెన్సీ మీద దాడి చేశారు. దాడి విఫలమైంది. మౌల్వీని అండమాన్‌కు పంపారు. తుర్రేబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకుంటే తూప్రాన్ దగ్గర పట్టి చంపి, శవాన్ని తెచ్చి ఇక్కడ వేలాడదీశారు. కోఠీ బస్టాండు దగ్గర ఆయన పేరుతో స్మారకం ఉంది. రోజూ వేలమంది దాని పక్కనే బస్సు ఎక్కుతారు.

ఇక్కడితో చాలా వాక్‌లు ఆగిపోతాయి. మన తెలుగువాళ్ళు ఆగకూడదు. గైడు రానంటే మీరే నడవండి, సుల్తాన్ బజార్ ఎదురుగానే. ఈ బజారు ఒకప్పుడు రెసిడెన్సీ ఏలుబడిలో ఉండేది, 1933లో తిరిగి నిజాం కిందికి వచ్చింది. నిజాం పోలీసుల అనుమతుల బాధ ఇక్కడ తక్కువ. అందుకే 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే తెలుగు గ్రంథాలయం ఈ వైపున పుట్టింది, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. నాయని వెంకటరంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు గార్లు తోడు. తెలుగు పుస్తకం పెట్టుకోవడానికి ఒక గది కోసం అంత తంటా పడ్డ కాలం. భాషానిలయం ఇప్పటికీ నడుస్తోంది. వేళకు పోతే లోపలికి పోయి పాత పత్రికలు అడిగి చూడొచ్చు. చెయ్యి కడుక్కొని ముట్టుకోండి, కాగితం పెళుసు.

దగ్గర్లోనే వివేకవర్ధిని విద్యాసంస్థ. 1921 నవంబరులో ఇక్కడ స్త్రీ విద్య కోసం పాటుపడ్డ మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఇంగ్లిష్, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు విన్న సభ, వకీలు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం వచ్చింది, దాని నుంచి ఆంధ్ర మహాసభ, 1930లో జోగిపేట సభ. ఇవన్నీ పదో తరగతి పాఠాల్లో మూడు వాక్యాలు. గేటు ముందు నిలబడి చెప్తే పిల్లలు ఫోను జేబులో పెట్టేస్తారు, నేను చూశాను.

సుల్తాన్ బజార్‌లో చీకటిపడే వేళకు కాలు పెట్టడానికి చోటుండదు. గాజులు, జాకెట్టు ముక్కలు, స్టీలు సామాను కొనేవాళ్ళు ఇక్కడే కొనండి, లాడ్ బజార్ కంటే బేరం తెగుతుంది. పర్సు ముందు వైపు పెట్టుకోండి. ఆదివారం వచ్చినవాళ్ళకు ఓపిక మిగిలితే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు ఉంటాయి, కానీ వాటి కోసం కొంచెం ముందే కదలాలి. లేదంటే మొజంజాహీ మార్కెట్‌లో చేత్తో తిప్పిన ఐస్‌క్రీమ్. సీతాఫలం కాలమైతే ఇంకో మాట అడక్కుండా అదే చెప్పండి.

ఊరికి తిరిగి పోవాల్సినవాళ్ళు ఆటోలతో గొడవ పడక్కర్లేదు. సుల్తాన్ బజార్ మెట్రో ఎక్కితే ఎంజీబీఎస్ తర్వాతి స్టేషనే, కరీంనగర్ బస్సులైతే సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండు వైపు ఎక్కాలి, అదే లైను.